అడిగిన ప్రశ్న, రాని జవాబు: ‘కలవారి కోడలు’ పాటలో కాపురం, పుట్టిల్లు, బతుకమ్మ

వ్యాససంగ్రహం

‘కలవారి కోడలు’ తెలుగునాట విస్తృతంగా వ్యాపించిన స్త్రీల పాట. తెలంగాణలో ఇది ‘ఉయ్యాలో’ పల్లవితో బతుకమ్మ పాటగా నిలిచింది. ఉమ్మడి కుటుంబ మర్యాదకు, అణకువగల కోడలికి ఉదాహరణగా ఈ పాటను వివరించడం బోధనలో పరిపాటి. పాటలో అన్న అడిగిన ఒక ప్రశ్నకు చివరిదాకా జవాబు రాదన్న విషయాన్ని ఆ వివరణ పట్టించుకోదు. ఆ జవాబులేనితనమే పాటకు కేంద్రమని, బతుకమ్మ ఆట అనే ప్రదర్శన సందర్భంలోనే దాని అర్థం పూర్తిగా వెల్లడవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాటలోని అనుమతుల వరుసను, అచ్చులోకి వచ్చినప్పుడు పాట కోల్పోయినదాన్ని, పుట్టింటి హక్కుకు సంబంధించిన చట్టాల చరిత్రను డోర్నకల్ ప్రాంత నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్త్రీల పాటలు, బతుకమ్మ, మంజరీ ద్విపద, పుట్టిల్లు, దాంపత్యం, డోర్నకల్, ఢావ్లో.

ఉపోద్ఘాతం

డోర్నకల్ రైలు కూడలి. కాజీపేట వైపు నుంచి వచ్చిన దారి ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి ఖమ్మం మీదుగా విజయవాడకు, మరొకటి బొగ్గుగనుల సీమ మీదుగా భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోతాయి. నిజాం ఏలుబడిలో ఈ దారులు పడ్డాయి. 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడై డోర్నకల్‌ను పీఠంగా చేసుకున్నాడు. ఊరి చుట్టూ లంబాడా తండాలు విస్తరించి ఉన్నాయి. పాత వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ చిన్న పట్టణం పరిసరాల్లో బతుకమ్మ పాట, తండాలోని పెళ్లికూతురి ఏడుపు పాట, చర్చిలోని పెళ్లి ప్రమాణం మూడూ పక్కపక్కనే వినిపించేవి. పెళ్లై పోయిన ఆడపిల్ల నోటికి ఏ మాట దక్కుతుంది అనే ప్రశ్నకు ఈ మూడూ మూడు రకాల సమాధానాలు చెబుతాయి. వీటిలో అన్నిటికంటే ఎక్కువ నోళ్లలో నానిన పాట ‘కలవారి కోడలు’.

ఈ పాటకు కర్త తెలియదు. గ్రామఫోను, సినిమా, క్యాసెట్టు రాకముందే ఇది తెలుగు సీమల్లో వ్యాపించింది. ప్రాంతాన్ని బట్టి పాఠం మారినా కథ చట్రం మారలేదు. వాడుకలో ఎంతగా నిలిచిందంటే 1964లో ఎన్. టి. రామారావు, కృష్ణకుమారి నటించిన సినిమాకు పాట మొదటి రెండు మాటలే పేరయ్యాయి. ఆ పేరు వినగానే ప్రేక్షకులకు ఒక ఇల్లు, ఒక వరుస, ఒక కన్నీటి బొట్టు గుర్తుకొస్తాయన్న నమ్మకం నిర్మాతలకు ఉండి ఉండాలి. జనప్రియత్వానికి ఇంతకంటే మంచి కొలమానం అరుదు.

కథ చట్రం

కలిగినింటి కోడలు కామాక్షి పప్పు కడుగుతూ ఉంటుంది. ఆ వేళకు పుట్టింటి నుంచి పెద్దన్న వస్తాడు. ఆమె కాళ్లకు నీళ్లు ఇస్తుంది. ఇస్తూనే కళ్లలో నీళ్లు తెచ్చుకుంటుంది. అన్న చూసి, ఎందుకీ ఏడుపు, వచ్చిన కష్టమేమిటి అని అడుగుతాడు. జవాబు కోసం ఆగడు. కళ్లు తుడుచుకొమ్మంటాడు, జుట్టు ముడుచుకొమ్మంటాడు, బిడ్డను ఎత్తుకొని పల్లకి ఎక్కమంటాడు. అంతకుముందు అత్తమామలకు చెప్పి రమ్మంటాడు. అక్కడి నుంచి పాట అసలు నడక మొదలవుతుంది. పీట మీద కూర్చున్న మామను అడిగితే తనకు తెలియదని, అత్తను అడగమని అంటాడు. మంచం మీద పడుకున్న అత్త బావ దగ్గరకు పంపుతుంది. భారతం చదువుతున్న బావ తోడికోడలి దగ్గరకు, వంట చేస్తున్న తోడికోడలు భర్త దగ్గరకు పంపుతారు. రచ్చలో ఉన్న భర్త చివరకు నగలు పెట్టుకొని, చీర కట్టుకొని, పుట్టింటికి సుఖంగా పోయి రమ్మంటాడు. పాట ముగుస్తుంది.

పైకి చూస్తే ఇది సుఖాంతం. కోడలు ఎదురు మాట్లాడలేదు, పెద్దల వరుస తప్పలేదు, భర్త అనుమతి ఇచ్చాడు. ఉమ్మడి కుటుంబ వ్యవస్థను వివరించడానికి ఇంత అనువైన పాఠం దొరకదు కాబట్టే తరగతి గదిలో దీనికి ఆ ఉపయోగం ఏర్పడింది. అయితే పాటను మరొకసారి మొదటి నుంచి చదివితే ఒక లెక్క తేలదు. కామాక్షి ఎందుకు ఏడ్చింది? ఆ ప్రశ్నను పాట వినేవాళ్లు వేయలేదు; పాటలోని పాత్రే వేసింది. వేసిన ప్రశ్నను పాట మరిచిపోయిందనుకోవడానికి వీల్లేదు. నోటి సంప్రదాయంలో పనికిరాని పాదం తరాలు దాటి బతకదు.

అనుమతుల వరుస

మామ మొదలుకొని తోడికోడలి వరకు నలుగురిని కామాక్షి ఒకే కోరిక కోరుతుంది. నలుగురిలో ఎవ్వరూ వద్దనరు. తమకు తెలియదని మాత్రం అంటారు. ఇది నిరాకరణ కాదు, అనుమతీ కాదు. బాధ్యతను ఇంకొకరి మీదికి నెట్టడం. ఆరళ్లు పెట్టే అత్త, తిట్టే మామ ఉన్న పాటలు తెలుగులో లేకపోలేదు. అలాంటి పాటల్లో శత్రువు ఎవరో తెలుసు, తిట్టడానికి ఒక ముఖం ఉంటుంది. ఈ పాటలో అది లేదు. చెడ్డవాళ్లెవరూ లేని ఇంట్లో ఒకామె ఏడుస్తోంది. కాపురంలో కష్టాన్ని ఒక మనిషి దుర్మార్గానికి ముడిపెట్టకుండా ఇంటి అమరికలోనే చూపడం ఈ పాట సాధించిన పెద్ద పని.

ఆ అమరికను పాట ఎంత పొదుపుగా గీసిందో గమనించాలి. ప్రతి పాత్రకూ ఒక చోటు, ఒక భంగిమ ఉన్నాయి. మామ కూర్చున్నాడు, అత్త పడుకుంది, బావ గ్రంథం చదువుతున్నాడు, భర్త రచ్చలో ఉన్నాడు. పని చేస్తున్నవాళ్లు ఇద్దరే: పప్పు కడిగే కామాక్షి, వంట చేసే తోడికోడలు. ‘కలవారి’ అన్న విశేషణానికి ఇక్కడ ఒక కొస ఉంది. ఇంట్లో కలిమి ఉంది, పల్లకి ఉంది, నగలు ఉన్నాయి. అయినా కోడలి చేతులకు తీరిక లేదు. తోడికోడలు కూడా తన దగ్గర అధికారం లేదని తెలిసిన మనిషే. ఆమె కూడా ఒకనాడు ఇలాగే పీట నుంచి మంచానికి, మంచం నుంచి గ్రంథానికి తిరిగి ఉంటుందని పాట చెప్పదు. పాడే స్త్రీలకు చెప్పనక్కరలేదు.

భర్త చివర రావడాన్ని కూడా ఆలోచించాలి. వయోక్రమం ప్రకారం అతడు పెద్దల తరువాతివాడు, కాని నిర్ణయం అతడిది. అడగవలసినవాళ్లందరినీ అడిగాక తేలేదేమంటే, వాళ్లెవరినీ అడగనక్కరలేదు. అయినా అడగక తప్పదు. మర్యాదకు, అధికారానికి మధ్య ఉన్న ఈ ఎడమే కోడలు నడవవలసిన దూరం. పైగా భర్త ఇంట్లో లేడు. సొంత పెళ్లి గురించిన మాట ఊరందరూ కూర్చునే రచ్చలో తేలాలి.

అతడు ఇచ్చిన అనుమతిలోని మాటలు మరీ ముఖ్యమైనవి. నగలు పెట్టుకోమని, చీర కట్టుకోమని చెప్పాడు. అన్న కళ్లు తుడుచుకొమ్మన్నాడు, జుట్టు ముడుచుకొమ్మన్నాడు. ఇద్దరిదీ ప్రేమే కావచ్చు. ఇద్దరూ సరిచేసింది ఆమె రూపాన్ని. కన్నీళ్లతో, విడిన జుట్టుతో కోడలు ఊరు దాటితే మెట్టినింటి పరువు పోతుంది; నగలు లేకుండా పుట్టిల్లు చేరితే అక్కడి ఆడవాళ్ల చూపులు వేరుగా ఉంటాయి. నగలతో అలంకరించుకొని వెళ్లే ఆడపిల్ల తన కాపురం బాగుందని తన ఒంటితోనే సాక్ష్యం చెప్పినట్లవుతుంది. ఎందుకు ఏడ్చావన్న ప్రశ్న రెండోసారి ఎవరూ అడగరు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భర్త ‘పోయి రా’ అనడంలో తిరిగి రావాలన్న ఆజ్ఞ ఉందని కొందరు వాదించవచ్చు. తెలుగులో ఎవరినైనా సాగనంపేటప్పుడు ‘పో’ అని ఊరుకోవడం అశుభం. పోయేవాళ్లు సైతం ‘వస్తా’ననే అంటారు. కాబట్టి ఆ ఒక్క మాట మీద అంత బరువు మోపడం న్యాయం కాదు. బరువంతా నగలలోనే ఉంది.

లయ, పల్లవి, వృత్తం

ఛందస్సు పాటను ఎలా నిలబెట్టిందో కొంత చూడాలి. పేరులోని ‘కలవారి’ సలము, ‘కోడలు’ భగణము, రెండూ ఇంద్రగణాలు. పాట పొడవునా పాదాలు స్థూలంగా మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అనే ద్విపద నడకలోనే సాగుతాయి. ప్రాసనియమం పట్టింపు లేదు కనుక మంజరీ ద్విపద అనడం సబబు. 13వ శతాబ్దిలో పాలకుర్కి సోమనాథుడు ద్విపదను కావ్యపీఠం ఎక్కించాడు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాల వంటి జనపదాల పేర్లు పేర్కొన్నాడు. వరంగల్ సీమకు చెందిన ఆ కవి చెవికి తెలిసిన లయే శతాబ్దాల తరువాత అదే సీమ స్త్రీల నోట కామాక్షి కథను నడిపిస్తోంది. ఆ లయ ఇంటింటా ఉన్నదే కావడం వల్ల పాట నేర్చుకోవడానికి ఎవరికీ శిక్షణ అక్కరలేకపోయింది.

తెలంగాణ పాఠంలో ప్రతి అర్ధపాదం తరువాత ‘ఉయ్యాలో’ చేరుతుంది. ఒకామె మాట అందిస్తుంది, చుట్టూ తిరిగేవాళ్లు పల్లవి అందుకుంటారు. అచ్చులో పల్లవి పునరుక్తిలా కనిపించి సంకలనకర్తలకు భారమవుతుంది. ఆటలో అది ఎడం. మామను అడగడానికి, అతడు తనకు తెలియదనడానికి మధ్య వృత్తమంతా ఒక అడుగు వేస్తుంది, ఒకసారి చప్పట్లు కొడుతుంది. కామాక్షితోపాటు అందరూ ఎదురుచూస్తారు. అన్న ప్రశ్న తరువాత కూడా అదే ఎడం వస్తుంది. జవాబు ఉండవలసిన చోట పల్లవి ఉంటుంది. ఆ క్షణంలో వృత్తంలోని ప్రతి స్త్రీ తన జవాబు తాను నింపుకోవడానికి వీలుంది, నింపుకున్నానని ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఈ వృత్తం ఎవరితో ఏర్పడుతుంది? బతుకమ్మ భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదినాళ్లు సాగి సద్దులతో ముగుస్తుంది. పెళ్లైన ఆడపిల్లలు పుట్టింటికి రావడం ఈ పండుగకు ప్రాణం. అన్నో తమ్ముడో వెళ్లి తీసుకురావాలి. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ చుట్టూ ఒకే వృత్తంలో రెండు రకాల స్త్రీలు ఉంటారు: అనుమతి దొరికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు, అదే ఊరికి కోడళ్లుగా వచ్చి ఈ ఏడు పోలేకపోయినవాళ్లు. ఆడపడుచుకు ఈ పాట గడిచిన వారం కథ. కోడలికి అది ఇంకా తెగని కథ. వదినా మరదళ్లు భుజాలు కలిపి ఒకే పాట పాడుతుంటే ఒకరి సుఖాంతం ఇంకొకరి మొదటి పాదం అవుతుంది. కాగితం మీద ఒక కామాక్షి ఉంటుంది; ఆటలో వృత్తం సగం కామాక్షులే.

పుట్టింటిని ఈ సంప్రదాయం స్వర్గంగా చిత్రించిందనడానికీ లేదు. బతుకమ్మ పుట్టుక గురించి చెప్పే కథల్లో ఒకదానిలో అన్నల ముద్దుల చెల్లెలిని వదిన అసూయతో చంపుతుంది. ఆ పిల్ల తంగేడు చెట్టై పూస్తుంది. పల్లకి తెచ్చిన అన్న ఇంట్లోనూ ఒక కోడలు ఉంది, ఆమెకూ ఒక అన్న ఉన్నాడు. పండుగలో ఆరోనాడు ‘అలిగిన బతుకమ్మ’. ఆనాడు బతుకమ్మను పేర్చరు. అలగడానికి కారణాలు రకరకాలుగా చెబుతారు. ఏడాదికి ఒకరోజైనా అలకకు క్యాలెండరులో చోటు దక్కిందన్నది గమనించదగ్గ విషయం.

అచ్చులో మిగిలినది

19వ శతాబ్దిలో తెలుగు జానపద గేయాలపై దృష్టి పెట్టిన దొరలకు ఈ పాట కనబడలేదు. 1871లో దక్షిణదేశపు జానపద గీతాల గ్రంథం వెలువరించిన చార్లెస్ గోవర్ తెలుగు భాగంలో వేమనకు పెద్దపీట వేశాడు. 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో తెలుగు గేయగాథల గురించి రాసిన బాయిల్‌కు సర్వాయి పాపని వంటి వీరులు ముఖ్యమయ్యారు. నీతి కావాలి, లేదంటే యుద్ధం కావాలి. పప్పు కడిగే ఆమె కథ ఆ రెండింటిలోనూ ఇమడదు. స్త్రీల పాటలను అచ్చుకెక్కించే శ్రమ తెలుగువాళ్లదే. నందిరాజు చలపతిరావు, టేకుమళ్ల కామేశ్వరరావు, నేదునూరి గంగాధరం వంటివారి సంకలనాలు లేకపోతే నేటి పరిశోధకుడి చేతిలో సగం పాటలు ఉండేవి కావు. వరంగల్ జిల్లాకు చెందిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో చేసిన పరిశోధన 1958లో ‘తెలుగు జానపద గేయసాహిత్యము’గా వెలువడి ఈ రంగానికి శాస్త్రీయమైన పునాది వేసింది. నాయని కృష్ణకుమారి గేయగాథల అధ్యయనం దానిని ముందుకు తీసుకుపోయింది.

ఈ రుణం ఒప్పుకుంటూనే ఒక లోపం చెప్పాలి. ఆనాటి సేకరణ ధ్యేయం పాఠాన్ని కాపాడడం. పాడినామె ఆ ఊరి ఆడపడుచా, కోడలా, పండుగనాడు పాడిందా, అడిగితే పాడిందా అన్నది అరుదుగా నమోదైంది. సందర్భం తొలగిన పాటలో మిగిలేది కథ. కథలో మిగిలేది అణకువ. ‘మంచి కోడలు’ వ్యాఖ్యానం పుట్టింది ఆ ఖాళీలోనే. ఆ వ్యాఖ్యానానికి పాఠం అడ్డు చెప్పదు. పాడిన నోరు చెప్పేది.

ఈ సందర్భంలో వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన వ్యాసం కీలకమైనది. పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వెలువడిన రామాయణ వ్యాసాల గ్రంథంలో ఆయన తెలుగు స్త్రీల రామాయణపు పాటలను పరిశీలించి, పైకి సంప్రదాయబద్ధంగా కనిపించే పాటల్లో స్త్రీలు తమ అసంతృప్తిని ఎలా పలికించుకున్నారో చూపారు. ఆలస్యంగా వచ్చిన సీతకు రాముడు తలుపు తీయడు. కౌసల్య కోడలి పక్షాన నిలిచి కొడుకును మందలిస్తుంది. పద్నాలుగేళ్ల తరువాత వచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ పరపురుషుడనుకొని హెచ్చరిస్తుంది. దేవతల ఇళ్లలో ఆలుమగల కలతను పేరుపెట్టి పాడవచ్చు. కామాక్షి పేరు దేవతదే అయినా ఇల్లు మనుషులది. అక్కడ కారణం పేరు చెప్పడానికి వీల్లేదు. గ్లోరియా రహేజా, ఆన్ గోల్డ్ 1994 నాటి తమ గ్రంథంలో ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పల్లెల స్త్రీల పాటలను పరిశీలించినప్పుడు అన్నాచెల్లెళ్ల బంధం, పుట్టింటి మీది హక్కు వాటిలోనూ ప్రధానమైన తంత్రులుగా వినిపించాయి. పల్లకితో వచ్చే అన్న ఒక్క తెలుగు పాటకే పరిమితమైన కల కాదు.

కూడలిలోని మిగతా గొంతులు

డోర్నకల్ చుట్టుపక్కల తండాల్లో పెళ్లికూతురు పుట్టింటి నుంచి కదిలేటప్పుడు ఢావ్లో పాడుతుంది. తల్లిని, అన్నలను, తోటి ఆడపిల్లలను ఒక్కొక్కరినీ పట్టుకొని రాగయుక్తంగా ఏడ్చే ఈ పాటను పెద్ద స్త్రీలు ముందుగానే నేర్పుతారు. గోర్ బోలీలో సాగే ఈ ఏడుపు బహిరంగం. ఎందుకు ఏడుస్తున్నావని అక్కడ ఎవరూ అడగరు, ఏడవకపోతేనే అడుగుతారు. ఢావ్లో కాపురానికి ముందటి దుఃఖం. ఊరి ముందు చెల్లుబాటయ్యే దుఃఖం. కామాక్షిది కాపురంలోని దుఃఖం. దానికి సంప్రదాయం రాగమిచ్చింది కాని కారణం చెప్పే పాదం ఇవ్వలేదు.

డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబాలు చాలావరకు మాల మాదిగ వాడలవి. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలోని పెళ్లి క్రమంలో వధువు సభ ముందు తన నోటితో తన సమ్మతి పలకాలి. రచ్చలో భర్త మాట కోసం నిలబడిన కామాక్షికి దక్కని అవకాశమది. అయితే అదే సంప్రదాయ క్రమంలో భర్తకు విధేయురాలిగా ఉంటానన్న ప్రమాణమూ వధువు చేతనే చేయిస్తారు. నోరు ఇచ్చి, ఆ నోటితోనే హద్దు చెప్పించడం ఇందులో ఉన్న చమత్కారం.

‘కలవారి’ ఇంటి కథ అందరి కథా అన్నది ఇక్కడే తలెత్తే ప్రశ్న. బతుకమ్మ ఆటలో దళిత స్త్రీల చోటు గురించి జూపాక సుభద్ర గట్టి ప్రశ్నలు లేవనెత్తారు. పల్లకి, పట్టెమంచం, భారత పఠనం ఉన్న ఇల్లు భూమి ఉన్నవాళ్లది. నాట్లకు, కోతలకు పోయే ఇళ్లలో కాపురం చెడితే కులపెద్దల ముందు తెగతెంపులు, మారుమనువు అనే దారులు ఉండేవి. ఆ దారులు సుఖమైనవని అనలేం, ఉన్నాయి అన్నంతే. కలిగినింటి కోడలికి అవి లేవు. విడిపోవడానికి వీల్లేని చోట పుట్టింటికి పోవడం ఒక్కటే కొన్నాళ్లపాటు సాధ్యమైన ఎడబాటు. పాటలో కోరిక ఎందుకంత చిన్నదిగా, అనుమతి ఎందుకంత పెద్దదిగా కనిపిస్తాయో దీనివల్ల అర్థమవుతుంది.

పల్లకి, పొలం, న్యాయస్థానం

ఆడపిల్లకు పుట్టింటిలో ఉన్నది రాకపోకల హక్కు, చీరసారెల హక్కు. భూమిలో వాటా లేదు. అన్న పల్లకి తేవడం ఆ లేని వాటాకు ప్రతిగా నిలిచిన ఆచారం. అందువల్ల ఈ పాట చరిత్రను చట్టాల చరిత్ర పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.

1955 నాటి హిందూ వివాహ చట్టం విడాకులకు దారి తెరిచింది. అదే చట్టంలోని 9వ సెక్షను, సరైన కారణం లేకుండా విడిగా ఉంటున్న భార్యను గాని భర్తను గాని కాపురానికి రప్పించమని కోర్టును కోరే వీలు కల్పించింది. మాటల్లో ఇద్దరికీ సమానమే. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరి సరీత కేసులో ఈ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. స్త్రీ శరీరానికి, ఆంతరంగికతకు సంబంధించిన నిర్ణయాన్ని రాజ్యం చేతుల్లో పెట్టడం తగదని, ఆచరణలో ఈ పరిహారం భర్తలకే ఆయుధమవుతోందని ఆయన వాదం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనును నిలబెట్టింది. భార్య ఎందుకు వెళ్లిందో అడిగి, ఆమె జవాబు విని తీరవలసిన చోటుగా న్యాయస్థానం ఏర్పడింది. అక్కడ కారణం చెప్పకపోతే కేసు పోతుంది. పాటలో మౌనం ఆమెకు రక్షణ. కోర్టులో అదే మౌనం ఆమెకు విరుద్ధమైన సాక్ష్యం.

రెండో చట్టం పొలానికి సంబంధించినది. ఎన్. టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలై, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సవరణలో ఒక మినహాయింపు ఉంది: అప్పటికే పెళ్లైన కూతుళ్లకు అది వర్తించదు. అప్పటికే బతుకమ్మ వృత్తంలో పెళ్లైన ఆడపడుచులుగా నిలిచిన తరమంతా ఆ గీతకు అవతలే ఉండిపోయింది. వాటా అడిగిన చెల్లెలిని తీసుకురావడానికి అన్న మునుపటిలా వస్తాడా అన్న భయం పల్లెల్లో నేటికీ వినబడే మాటే. రాకపోకలను కాపాడుకోవడానికి వాటాను వదులుకున్న ఆడపిల్లలు పాటలోని లెక్కను బాగా చదివినవాళ్లు.

మైదానం వృత్తం

తెలంగాణ ఉద్యమకాలంలో బతుకమ్మ ఒక ప్రాంతపు అస్తిత్వ చిహ్నమైంది. 2014లో రాష్ట్ర పండుగ అయింది. 2016లో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో వేలాది స్త్రీలు ఒక్కచోట ఆడారు. ఈ విస్తరణ వల్ల పాటకు కొత్త చెవులు దొరికాయనడంలో సందేహం లేదు. అయితే మైదానంలో వృత్తం లక్షణం మారింది. పాట లౌడుస్పీకరు నుంచి వస్తుంది. మాట అందించే ఆమె వృత్తంలో లేదు. అందువల్ల పల్లవికి ముందూ వెనకా ఉండే ఎడం రికార్డింగు నిర్ణయించినంతే. ఒక ఊరి ఆడపడుచులు, కోడళ్లు అన్న తేడా అక్కడ ఉండదు. అందరూ ప్రేక్షకులకు కనబడే స్త్రీలు. నగలు పెట్టుకొని చీర కట్టుకొని రమ్మన్న భర్త మాట ఆ వేదికకు ఎంతగానో సరిపోతుంది. అన్న ప్రశ్నకు అక్కడ చోటు ఇరుకు. ఊళ్లలో, చెరువు గట్ల మీద, ఇంటి ముంగిళ్లలో పాత వృత్తం నేటికీ తిరుగుతోంది కనుక దీన్ని ఒక అంత్యదశగా భావించనక్కరలేదు.

పరిశోధనకు మిగిలిన పని ఆ ముంగిళ్లలోనే ఉంది. ఈ పాటకు ఇక కావలసింది ఇంకో పాఠాంతరం కాదు. పాడినామె ఏ ఊరి ఆడపిల్ల, ఏ ఊరి కోడలు, ఆ ఏడు పుట్టింటికి వెళ్లిందా, ఎవరు తీసుకువచ్చారు, పాటలో ఎక్కడ గొంతు తగ్గించింది, ఎవరు వినబోతే ఆపింది అన్న వివరాలు పాఠం పక్కన నమోదు కావాలి. తండా స్త్రీలు, దళిత స్త్రీలు ఈ పాట పాడుతారా, పాడితే ‘కలవారి’ అన్న మాటను ఏం చేస్తారు అన్నదీ తెలియాలి. డోర్నకల్ వంటి కూడలి ఈ పనికి అనువైన చోటు. సద్దుల ముందురోజుల్లో అక్కడ రైలు దిగే ఆడపిల్లల్లో కాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఉంటారు, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లు ఉంటారు, కొత్తగూడెం గనుల కాలనీల నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. పల్లకి పోయి రైలు, బస్సు, మోటారుసైకిలు వచ్చినా తోడుగా ఎవరో ఒకరు వెళ్లి తీసుకురావడం చాలా ఇళ్లలో పోలేదు. వాళ్లు బయలుదేరే ముందు ఎవరెవరిని అడిగి వచ్చారో, ఆ వరుసలో చివర ఉన్నదెవరో అడిగి రాసుకోవచ్చు. జవాబు చెప్పకపోతే, చెప్పలేదని రాసుకోవాలి.